పసుపు పుస్తకంలో ఏడో లెక్క

పీరియడ్ మొదలై నాలుగు నిమిషాలయింది. తొమ్మిదో తరగతి పిల్లల కొలతకు చేసిన బెంచీలో ఇరుక్కున్న మోకాళ్లు, ఒడిలో తనిఖీ ఫారం, ఫారం మీద మూత తీయని కలం: ప్రస్తుతం న్యాయపీఠం స్వరూపం ఇదీ. సింహాసనాలకు ముందు బల్ల ఉండదు కనుక రాజులు హుందాగా కనిపించారు గాని, ఈ బెంచీలో కూర్చోబెడితే ఎంతటి చక్రవర్తి అయినా నాలాగే బల్ల కింద కాళ్లను బతిమాలుకుంటూ ఉండేవాడు. ఆమె ఇంకా ఏమీ రాయలేదు. ఆమె అంటే ఈ తరగతికి లెక్కలు చెప్పే టీచరు. రెండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగం. ఈ నెలాఖరుకు ఖాయం కావాలి, లేదా ఊడాలి. రెంటిలో ఏది అన్నది నా ఒళ్లోని ఫారంలో పదకొండో గడి తేలుస్తుంది: 'బోధన పాఠ్యపుస్తకానికి అనుగుణంగా ఉన్నదా?' పక్కన ఉన్నది, లేదు అని రెండు మాటలు. ఒకదాన్ని కొట్టివేయాలి, అంతే. ఫిర్యాదేమిటంటే ఈమె సరళరేఖల సమీకరణాలను పుస్తకానికి విరుద్ధంగా చెప్పిందట, ఈమె పిల్లలు ముప్ఫై ఎనిమిది మందీ ఉమ్మడి పరీక్షలో ఏడో లెక్కకు పుస్తకంలో లేని జవాబు రాసి తలా నాలుగు మార్కులు పోగొట్టుకున్నారట. ఆ లెక్కనే నా ఎదుట చెప్పించి, విని, నిగ్గు తేల్చమని కార్యాలయం ఉత్తర్వు. ఇంతమంది అధికారులుండగా నన్నే ఎందుకు పంపారయ్యా అంటే, పసుపు అట్టతో ఇరవై ఆరేళ్లుగా ప్రతి సంచీలోనూ నలుగుతున్న ఆ పుస్తకాన్ని రాసినవాణ్ని నేనే. గాయం ఎంత లోతుందో చూసి రమ్మని కత్తినే పంపినట్టు.

బెంచీలన్నీ గోడలకు చేర్చేసి ఉన్నాయి, నాది తప్ప. నేను లోపలికి రాగానే ఆమె "ఇక్కడ కూర్చోండి సార్" అని ఒక చోటు చూపింది, మర్యాద అనుకున్నాను. గదంతా రెండడుగుల చదరపు బండలు పరిచిన నేల, పాతదే కాని కడిగి తుడిచింది. నల్లబల్ల గోడ వెంట ఒక సుద్దగీత, తలుపు పక్క గోడ వెంట ఇంకొకటి, రెండూ కలిసే మూలలో పెద్ద సున్నా. అప్పుడర్థమైంది. నేల మొత్తం నిరూపక తలం. మేం రేఖాపటం కాగితం మీద పెన్సిలు ముక్కుతో వెతుక్కున్న లోకాన్ని ఈమె చెప్పులు విప్పించి తొక్కిస్తోంది. "సున్నాలో ఉన్నవాళ్లు చెయ్యెత్తండి" అంది. ఎవరూ లేరు. "అందరూ పెద్దవాళ్లయిపోయారన్నమాట. సరే, నీ వై ఎంతుండాలంటే, నీ ఎక్స్‌కి రెట్టింపు, పైన ఇంకొకటి. వెళ్లి నిలబడండి, చూద్దాం." గుంపు తేనెపట్టులా కదిలింది, గొణిగింది, కొట్టుకుంది. ఒకమ్మాయి గోడ వెంట బండలు లెక్కపెట్టుకుంటూ ఒకటో బండ మూల మీద ఆగింది. ఇంకొకతె ఒక బండ పక్కకీ మూడు బండలు వెనక్కీ వచ్చి నిలిచింది. ఒకడు తప్పుచోట నిలబడి చుట్టూ చూస్తుంటే ఆమె తప్పనలేదు, "నడిచి చూడు నాన్నా" అంది, వాడు సున్నా నుంచి మళ్లీ నడిచి నాలిక కరుచుకున్నాడు. చూస్తుండగానే గజిబిజి గుంపులోంచి ఒక వరస పుట్టింది, బాణం వదిలినట్టు ఏటవాలుగా, నేరుగా నా వైపు. వరస చివర నిలబడబోయిన పిల్ల నా బెంచీ దగ్గర ఆగి "టీచర్, మూడు, ఏడులో సార్ కూర్చున్నారు!" అని ఫిర్యాదు చేసింది. "ఆయన కూడా మన గీతలోనే ఉన్నారన్నమాట. ఉండనీ" అంది ఆమె. తల వంచి చూసుకున్నాను: నిజమే, నా కుడి బూటు కొన సరిగ్గా నాలుగు బండలు కలిసే మూల మీద ఉంది. యాభై ఎనిమిదేళ్ల జీవితంలో నేనెక్కడున్నానో ఇంత నిర్దుష్టంగా నాకెవరూ చెప్పలేదు.

"ఎక్కడ బయలుదేరింది? ఎలా నడుస్తోంది? ఈ రెండూ చెప్పగలిగితే గీతంతా చెప్పినట్టే" అంటోంది ఆమె. బయలుదేరింది ఒకటిలో; నడక, ఒక బండ పక్కకీ రెండు బండలు వెనక్కీ. ఇప్పుడు, ఇన్ని నిమిషాల తరవాత, నల్లబల్ల వైపు తిరిగి y = 2x + 1 అని రాసింది, ఎవరో చెప్పిన మాటను రాసుకున్నంత మామూలుగా. ఆ సంగతికే నా పుస్తకంలో పదకొండు పేజీలు పట్టాయి. మూడు నిర్వచనాలు, రెండు ఉపసిద్ధాంతాలు, 'విద్యార్థులు గమనింతురు గాక' అన్న హెచ్చరిక ఒకటి. ఎవరూ గమనించలేదు. వాలు అన్న మాటను నేను ఏనుగును అంబారీతో సహా ఎక్కించినట్టు గ్రంథంలోకి ఎక్కించాను. ఈమె దాన్ని నడక అంది, పిల్లలకు నడక ఎప్పుడో వచ్చు. అసూయ అనే మాట నా స్థాయికి తగదు కనుక దీన్ని మెచ్చుకోలు అంటాను. అయినా నిజంగా అదే. ఆమె ప్రశ్న వేసి ఊరుకునే ఆ ఊరుకోవడం చూడండి. నేనైతే మూడు క్షణాలాగి జవాబు నేనే చెప్పేసేవాణ్ని, పాఠం జరగాలి కదా అని. ఈమె మణికట్టు లోపలివైపు తిప్పి కట్టుకున్న గడియారాన్ని ఒక్కసారీ చూడదు. నిశ్శబ్దం పులిసి, పొంగి, ఏదో ఒక పిల్ల నోట మాటయ్యేదాకా ఆగుతుంది. ఉద్యోగం నెలాఖరు అంచు మీద ఊగుతున్న మనిషికి అంత తీరిక ఎక్కణ్నుంచి వచ్చిందో.

వాలు అంటే నాకు మా ఇంటి గోడే గుర్తుకొస్తుంది, ఏం చేయను. పుస్తకం వచ్చిన ఏడాది, ఆ మహాగ్రంథానికి తగిన పీఠం ఉండాలని గోడకు నా స్వహస్తాలతో ఒక చెక్క బిగించాను. వాలుగా ఉందండీ అంది మా ఆవిడ. గోడే వంకర, కళ్లకు అలా కనిపిస్తుంది, అసలు క్షితిజ సమాంతరం అంటే ఏమిటో తెలుసునా అని ఒక చిన్న ఉపన్యాసమిచ్చాను. ఆవిడ శ్రద్ధగా విని, లోపలికి వెళ్లి, ఎప్పటిదో ఒక గాజుగోళీ తెచ్చి చెక్క ఎడమ కొసన పెట్టింది. అది ఒక్క క్షణం ఆలోచించి, తీరుబడిగా దొర్లుకుంటూ కుడి కొసదాకా వెళ్లి, నేల మీద పడి, మంచం కిందికి చేరింది. "పాపం, గోళీ మీ పుస్తకం చదవలేదండీ" అంది. ఆ చెక్క ఇప్పటికీ అలాగే ఉంది. పుస్తకాలు కుడివైపుకు జారకుండా ఆ కొసన ఇస్త్రీపెట్టె పెడతాం. ఇవాళ పొద్దున నేను బయలుదేరుతుంటే ఆవిడ గొడుగు అందిస్తూ అడిగింది: "ఆ టీచరమ్మాయి చెప్పింది తప్పా?" "విచారించాలి." "మీకు తెలీదా?" నేను గొడుగు బాగోగులు పరిశీలించాను. "మీరు ఒప్పుకోని తప్పు మనింట్లో మూడో మనిషై తిరుగుతోంది, తెలుసా? నాకు వడ్డించడం అలవాటైపోయింది" అంది, తలుపు వేసుకుంది.

తెలీకేం. ఇరవై ఆరేళ్ల కిందట, అచ్చాఫీసులో సిరా, కిరసనాయిలు కలిసిన వాసన, రేకు కప్పు కింద మధ్యాహ్నపు వేడి, పుస్తకం చివరి పేజీలు యంత్రం ఎక్కడానికి గంట వ్యవధి. జవాబుల పేజీ నేనింకా రాయలేదు. సాయంత్రం నాకు సన్మానం. ఆ హడావుడిలో కాగితాల కట్ట మీద కూర్చుని నలభై జవాబులు మోకాలి మీద గిలికాను, అన్నీ మనసులోనే చేస్తూ, చేయగలిగినందుకు మురుస్తూ. ఏడో లెక్క: (3, 2), (3, 7) బిందువుల గుండా పోయే సరళరేఖ సమీకరణాన్ని రాయండి. మూడు కనిపించింది; y = 3 అని రాసి ఎనిమిదికి పోయాను. కంపోజిటరు సన్నటి మనిషి, కళ్లద్దాలకు ఒకవైపు దారం. సీసపు అక్షరాలు పేరుస్తూ పేరుస్తూ ఆగాడు. "అయ్యా, ఇది నిలువు గీత కాదాండీ? ఎక్స్ ఉండాలేమోనండీ" అన్నాడు. అప్పటికే వేళ్ల మధ్య ఎక్స్ అక్షరం పట్టుకుని ఉన్నాడు, పేర్చడమే తరువాయి. నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "అచ్చు పేర్చడం నీ పని. లెక్కలు నాకు వదిలెయ్." "చిత్తం" అన్నాడు, ఆ ఎక్స్‌ను దాని అరలో వేసి, పక్క అరలోంచి వై తీశాడు. తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారుగా ఉన్న అక్షరాలను రోజంతా తడుముకోకుండా చదివే మనిషికి అడ్డమేదో నిలువేదో నేను బోధించాను. మూడేళ్లకు ఎవరో ఒక కార్డు ముక్క రాశారు, ఏడో లెక్క జవాబు చూడండి అని. చూశాను. చూసి, ప్రెస్సు యజమానితో, నవ్వుతూ, "మీవాడి అచ్చుతప్పు" అన్నాను. అంత తేలిగ్గా. ఆ యజమాని ఆయన్ను లెక్కల పుస్తకాల నుంచి తప్పించి రసీదు పుస్తకాలకూ గోడ ప్రకటనలకూ మార్చాడని తరవాత విన్నాను. విని, ఆ వీధి వెంట వెళ్లడం మానుకున్నాను.

మరి తరవాతి ముద్రణలో దిద్దవచ్చు కదా అంటే, ఆలోపలే నా తప్పుకు భాష్యం పుట్టింది. మహనీయుల తప్పులకు ఆ యోగముంటుంది. జవాబు వై ఈక్వల్‌టు మూడు అని పుస్తకంలో ఉంది కనుక అది రావాలి. రావాలి కనుక రప్పించాలి. ఎవరో పండితుడు ఒక గైడు పుస్తకంలో 'హారము సున్నా అయినచో అక్షములు పరస్పరము మారును' అని రాశాడు. దానికి పరివర్తన సూత్రం అని పేరు కూడా పెట్టాడు. చూస్తుండగానే ఆ సూత్రం బడి నుంచి బడికి, నోట్సు నుంచి నోట్సుకు పాకింది. జవాబు పత్రాలలో దాని కింద ఎర్రగీతలు గీసి మరీ రాశారు పిల్లలు. రాసినవాళ్లకు నాలుగు మార్కులు వేశారు, వాళ్లలో కొందరు పెరిగి టీచర్లై ఆ మార్కులను తరవాతి తరానికి అప్పగించారు. ఒక సభలో, నా సమక్షంలోనే, ఒకాయన ఆ సూత్రపు తాత్పర్యం మీద ముప్పావుగంట మాట్లాడి, మూలకర్తను నేనేనని దండ వేశాడు. వేయించుకున్నాను. పువ్వులు మెడకు గుచ్చుకోవు. ఆ రోజు గుచ్చుకున్నాయి. గణితంలో తప్పు ఒక్కరోజు కూడా బతకదని మొదటి పేజీలోనే రాసుకున్న నేను, నా తప్పు ఇరవై ఆరేళ్లు నిండి నిక్షేపంగా కాపురం చేస్తుండగా చూస్తూ వచ్చాను.

"సరే, ఇప్పుడు ఏడో లెక్క." గది మారిపోయింది. పిల్లలకు తెలుసు నేనెందుకొచ్చానో. "మూడు, రెండులో ఎవరైనా నిలబడండి." రెండు జడల పిల్ల ఒకతె చెంగున వెళ్లి నల్లబల్లకు దగ్గరగా నిలబడింది. "మూడు, ఏడులో..." "సార్ ఉన్నారుగా టీచర్." "ఉన్నారు. ఇద్దరి మధ్యా గీత ఎలా నడవాలో చెప్పండి." నడక చెప్పడానికి ఒకడు బయలుదేరాడు, పక్కకు ఎన్ని బండలో చూసి తికమకపడ్డాడు: "పక్కకి అసలు పోదు టీచర్! వెనక్కే!" "అయితే వాలెంత?" "సున్నా" అంది ఒక గొంతు. ఆమె ఊరుకుంది. రెండు జడల పిల్లే అంది చివరికి, వేళ్లు మడుస్తూ: "సున్నా అయితే మట్టంగా పడుకోవాలి కదా? ఇది నిలబడింది. సున్నా కాదు టీచర్... దీనికి వాలు లేదు. అంటే, చెప్పడానికి లేదు." "సున్నా ఉండటం వేరు, లేకపోవడం వేరు" అంది ఆమె మెల్లగా, ఎంత అపురూపంగా అందంటే, ఆ వాక్యాన్ని లేచి నిలబడి వినాలనిపించింది. నా పుస్తకంలో లేదు ఆ వాక్యం. ఉండి ఉంటే, రాస్తున్నవాడి చెయ్యి ఆ మధ్యాహ్నం ఆగేది.

"ఎక్స్ మారదు, మూడే. వై మాత్రం ఇష్టం వచ్చినంత. కాబట్టి?" ముప్ఫై ఎనిమిది గొంతులూ అరిచాయి, నాలుగేసి మార్కుల కసితో: "ఎక్స్ ఈక్వల్‌టు మూడు!" ఆమె బల్ల సొరుగులోంచి ఎర్ర దారపు ఉండ తీసి ఇద్దరికిచ్చింది, గదికి అడ్డంగా, మూడో వరస బండల మీదుగా, ఈ గోడ నుంచి ఆ గోడకు నడుమెత్తున లాగి పట్టుకోమంది. "ఇది పుస్తకంలో ఉన్న జవాబు. వై ఈక్వల్‌టు మూడు. మన ఇద్దరి గుండా పోతోందా? నడిచి చూడండి." దారం వెంట ఒకడు గంభీరంగా నడిచాడు, ఆ గోడదాకా. రెండు జడల పిల్ల దారానికి అవతలే ఉంది. నేను చాలా ఇవతల. "నన్ను తగల్లేదు టీచర్. సార్ దగ్గరికైతే అసలు రానే రాదు. పుస్తకం ప్రకారం సార్ గీతలో లేరు!" కిసుక్కుమన్నారు. ఆమె నవ్వలేదు. "మరి పుస్తకంలో అలా ఎందుకుంది టీచర్?" అనే ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు, నాకు తెలుసు, బహుశా ఆ దారానికీ తెలుసు. వచ్చింది. ఆమె నా వైపు చూసింది. పొగరు లేదు ఆ చూపులో, వేడుకోలూ లేదు. తుఫానులో ఎదురైన మనిషికి గొడుగులో సగం ఇచ్చేవాళ్లు చూసే చూపు. "అచ్చుతప్పు అయ్యుంటుందమ్మా" అంది. "ఎంత పెద్ద పుస్తకంలోనైనా ఒకటీ అరా అచ్చుతప్పులు దొర్లుతాయి."

ఎంత చక్కటి తలుపు తెరిచిందో. పదకొండో గడిలో 'ఉన్నది' ఉంచుతాను, అచ్చుతప్పు సవరించవలెనని కింద ఒక ముక్క రాస్తాను, ఆమె ఉద్యోగం ఖాయం, నా పసుపు అట్ట పదిలం, ఎవరికీ చీమ కుట్టదు. చీమ ఎవరికి కుట్టాలో వాళ్లకు ఎప్పుడో కుట్టింది. కళ్లద్దాల దారం సర్దుకుంటూ, వేళ్ల మధ్య ఎక్స్ పట్టుకుని, 'చిత్తం' అన్న ఆ కంపోజిటరుకు. తన ఉద్యోగానికే దిక్కులేని మనిషి నా పరువుకు గొడుగు పడుతోంది, ఆ గొడుగు కింద నిలబడాలంటే ఆయన్ను మరోసారి వానలోకి నెట్టాలి. నడిచి చూడు నాన్నా. మోకాళ్లు బెంచీ కింద నుంచి ఎలా బయటపడ్డాయో తెలీదు, బెంచీ కిర్రుమంది, తరగతంతా వెనక్కి తిరిగింది. ఎదురుగా నల్లబల్ల. ఏడు నుంచి ఆరుకు ఒక బండ. "సార్ నడుస్తున్నారు!" ఎవరో లెక్కపెట్టడం మొదలుపెట్టారు, మిగతావాళ్లు అందుకున్నారు: ఐదు, నాలుగు. ఎక్స్ మాత్రం మూడే, అది మారదు. మూడు దగ్గర ఎర్ర దారం నా పొట్టకు తగిలింది. అవతల, ఒక్క బండ దూరంలో, రెండు జడలు.

"కాస్త జరుగమ్మా, బల్ల దగ్గరికెళ్లాలి."

"జరగనండి. నేను బిందువుని. మీరు పక్కనుంచి వెళ్తే ఎక్స్ నాలుగైపోతుంది" అంది ఆ పిల్ల, ఏ న్యాయస్థానమూ ఇవ్వలేనంత స్పష్టంగా తీర్పిస్తూ.

కనుక ఆగాను. ఎక్కడ ఆగానో అప్పుడు చూసుకున్నాను: మూడు, మూడు. నా జవాబూ అసలు జవాబూ ఈ ప్రపంచం మొత్తం మీద కలుసుకునే ఒకే ఒక్క చోటు. ఇరవై ఆరేళ్లు వెతికినా అబద్ధమాడకుండా నిలబడడానికి నాకింతకన్నా మంచి మూల దొరికేది కాదు. "అచ్చుతప్పు కాదు" అన్నాను, దారం పట్టుకుని. "అచ్చు పేర్చినాయన అప్పుడే చెప్పాడు ఎక్స్ అని. నేను వినలేదు. తప్పు నాది. మీ టీచర్ చెప్పిందే సరైన జవాబు." ఆమె సుద్దముక్కను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది, మార్చుకుంటూనే ఉంది. రెండు జడల పిల్ల నన్ను కిందినుంచి పైదాకా చూసింది. ఇంత పెద్దమనిషి ఇంత చిన్న జవాబు చెప్పడానికి ఇంత దూరం నడిచాడా అన్నట్టు.

"మరి మా నాలుగు మార్కులో, సార్?"

"వేయిస్తానమ్మా."

"అందరికీనా?"

"అందరికీ."

ఆ మాట మీద దారం పట్టుకున్న ఇద్దరూ చేతులు వదిలేశారు, ఎర్ర దారం నేల మీద వంకరటింకరగా పడింది, ఏ సమీకరణానికీ లొంగకుండా. ఆమె దాన్ని ఉండ చుట్టడానికి వంగింది. "కూర్చోండి సార్, ఇంకా పన్నెండు నిమిషాలుంది, ఒక లెక్క చేద్దాం" అంది, తన ఉద్యోగం సంగతి మరిచిపోయిన గొంతుతో. కూర్చోలేదు. ఆమె బల్ల మీదే ఫారం పరిచాను. బోధన పాఠ్యపుస్తకానికి అనుగుణంగా ఉన్నదా: రెండు మాటలూ కొట్టివేసి, పక్కన నా పాత దస్తూరీలో, పిల్లలు గమనించేంత పెద్ద అక్షరాలతో రాశాను: పాఠ్యపుస్తకం ఈమె బోధనకు అనుగుణంగా లేదు, తక్షణం సరిదిద్దవలెను. ఉద్యోగం ఖాయపరచవలెను. కింద ఇంకొక గడి మిగిలింది, 'లోపమునకు బాధ్యులు' అని. గ్రంథకర్త అని రాసి సంతకం పెట్టాను. వెనక ఎవరో సున్నాలో నిలబడుతున్నారు, ఎవరో ఎవరినో తోస్తున్నారు, నడిచి చూడమ్మా అంటోంది ఆమె. కలం మూత పెట్టబోయి ఆగాను. ఆ గడిలో ఇంకా చోటుంది. అచ్చు పేర్చినవారు కాదు, అని రాశాను.